నోటీసు వచ్చింది, తమ్ముడు మాట్లాడటం లేదు

ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రం నుంచి ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. ఆమెకు 27 ఏళ్లు, ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో పని చేస్తారు. తమ్ముడికి 19. డిగ్రీ రెండో ఏడాది చదువుతూ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉంది. రెండేళ్ల కిందట వినాయక మండపం దగ్గర పక్క వాడకట్టు కుర్రాళ్లతో తమ్ముడికి స్నేహం కుదిరింది. నిరుడు వాళ్లతో కలిసి హనుమాన్ దీక్ష తీసుకున్నాడు. "దేవుని దిక్కు తిరిగిండు, బీరు సీసా పట్టుకునే కన్న నయం గాదా" అని అమ్మ మురిసిపోయింది. తర్వాత బైకు ర్యాలీలు, కత్తి పట్టుకున్న ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో. ఎదురింటి మెకానిక్ కొడుకు ఒకటో తరగతి నుంచీ తమ్ముడి దోస్తు. అతనితో మాటలు ఆగిపోయాయి.

బక్రీద్‌కు పది రోజుల ముందు నుంచి రాత్రుళ్లు హైవే మీద కాపలా మొదలైంది. ఒక రాత్రి ఏడుగురు కలిసి ఒక బొలెరో వ్యానును ఆపారు. లోపల రెండు ఎడ్లు, ఒక బర్రె ఉన్నాయి. డ్రైవర్ సంత రసీదు చూపించినా ఎవరూ చూడలేదు. అతన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి కొట్టారు. తమ్ముడు వీడియో తీసి స్టేటస్ పెట్టాడు. డ్రైవర్ దగ్గర నాలుగు వేలు, సెల్‌ఫోన్ తీసుకున్నారని తర్వాత ఒక పొద్దు నోరు జారాడు. ఇప్పుడు పోలీసు నోటీసు వచ్చింది. అందులో భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 126(2), 115(2), 351(2), 196(1), రెడ్ విత్ (వాటితో కలిపి చదవాల్సిన) 190. హాజరు కావడానికి ఇంకా ఆరు రోజులుంది. 'అన్న' అని వీళ్లంతా పిలిచే నాయకుడు వీడియో తీసెయ్యమని, సెల్ మార్చమని, లాయర్ను తానే పెడతానని చెప్పాడట. నాన్నకు ఇంకా తెలియదు. అక్క అడిగితే వచ్చిన జవాబు: "నీకేం తెల్వదక్కా. మేం లేకుంటే ఊర్ల ఒక్క ఆవు మిగల్దు." ఆ తర్వాత మాట్లాడటమే మానేశాడు. "వాణ్ని అందులోంచి ఎట్లా బయటకు తేవాలి? నాన్నకు చెప్పాలా? కేసు వల్ల ఉద్యోగం పోతుందా?" అని ఆమె అడుగుతున్నారు.

మీరు మూడు ప్రశ్నలు వేశారు. ఆరు రోజుల గడువుంది కాబట్టి కేసు సంగతి ముందు చూద్దాం. మీ తమ్ముడు ఆ బృందం నుంచి బయటకు వచ్చే దారి కూడా దాంట్లోనే ఉంది.

మీకు వచ్చింది భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద ఇచ్చే నోటీసు. పాత చట్టంలో దీన్నే 41ఎ నోటీసు అనేవారు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు చేయకుండా పిలిచి విచారించడానికి ఇస్తారు. చెప్పిన రోజుకు వెళ్తే, అరెస్టు అవసరమని పోలీసులు కారణాలు రాసి పెడితే తప్ప అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే ఆ రక్షణ పోతుంది. నోటీసు చేతికి ఇచ్చారా, వాట్సాప్‌లో పంపారా అన్నది చూసుకోండి. వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అంతమాత్రాన వెళ్లకుండా ఊరుకోవద్దు, ఆ సంగతి లాయర్‌కు చెప్పండి.

ఇప్పుడున్న సెక్షన్లను విడివిడిగా చూస్తే భయపడేంత పెద్దవి కావు. దారి అడ్డగించడానికి (126) నెల రోజులు, కొట్టడానికి (115) ఏడాది, బెదిరింపునకు (351) రెండేళ్లు, మతాల మధ్య వైరం పెంచడానికి (196) మూడేళ్ల వరకు శిక్ష ఉంటుంది. బరువైనది చివర పెట్టిన 190. అయిదుగురు, అంతకు మించి ఒక ఉద్దేశంతో గుమిగూడితే, అందులో ఎవరు చేసిన నేరానికైనా అందరూ బాధ్యులే అంటుంది అది. "నేను కొట్టలేదు, వీడియో మాత్రమే తీసిన" అని మీ తమ్ముడు అనుకుంటుంటే, ఆ మాట కోర్టులో నిలబడదు. పైగా ఆ వీడియో ఏడుగురూ అక్కడ ఉన్నారని చెప్పే సాక్ష్యం. తీసినవాడే దాన్ని పోలీసుల చేతికి అందించినట్టయింది.

ఆ నాలుగు వేలు, సెల్‌ఫోన్ మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. మొత్తం వ్యవహారంలో ప్రమాదమంతా అక్కడే ఉంది. ఎఫ్‌ఐఆర్‌లో అది ఇంకా లేదు. డ్రైవర్ వాంగ్మూలంలో వస్తే సెక్షన్లు మారతాయి. కొట్టి, భయపెట్టి అక్కడికక్కడే డబ్బు గుంజుకుంటే దోపిడీ. అదే పని అయిదుగురు లేదా ఎక్కువమంది కలిసి చేస్తే చట్టం దాన్ని బందిపోటు అంటుంది. అది 310వ సెక్షన్, పదేళ్ల వరకు కఠిన జైలు లేదా యావజ్జీవ శిక్ష. అప్పుడు ఈ నోటీసు అరెస్టును ఆపదు, నాగరిక సురక్షా సంహిత 482 కింద ముందస్తు బెయిలు కోసం సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాల్సి వస్తుంది. ఈ సంగతి లాయర్‌కు మొదటి రోజే, ఏదీ దాచకుండా, మీ తమ్ముడి నోటితోనే చెప్పించండి. వాట్సాప్‌లో ఎవరికీ రాయవద్దు. ఆ డబ్బు ఎవరి జేబులోకి పోయిందో కూడా అడగండి. గోరక్షణ అని బయల్దేరినవాళ్లు ఒక డ్రైవర్ కూలి డబ్బులు తీసుకున్నారన్న మాట మీ తమ్ముడి మనసులో ఎక్కడో గుచ్చుకుని ఉంటుంది. లేకపోతే మీ దగ్గర నోరు జారేవాడు కాడు.

లాయర్ విషయంలో మీ ముందు రెండు దారులున్నాయి. అన్న పెట్టే లాయర్ అయితే మీకు ఖర్చుండదు. కానీ ఏడుగురికీ ఒకే లాయర్ ఉంటే అతను ఎవరి మేలు చూస్తాడు? ఆపమన్నది ఎవరు, కొట్టమన్నది ఎవరు, డబ్బు తీసుకున్నది ఎవరు అన్న ప్రశ్నలకు మీ తమ్ముడి జవాబు ఒకటి, అన్నకు కావాల్సిన జవాబు మరొకటి. "వీడియో తీసింది పిల్లగాడు, వాడి ఇష్టంతో పెట్టుకున్నాడు" అని మిగతా ఆరుగురూ అంటే అడ్డుకునేవాళ్లు ఉండరు. విడిగా లాయర్ను పెట్టుకుంటే ఖర్చు మీది, బృందానికి కోపమూ వస్తుంది. అయినా మా ఓటు విడిగా పెట్టుకోవడానికే. డబ్బుకు ఇబ్బందైతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆదాయం పరిమితి లోపు ఉంటే మీ తమ్ముడికి ఉచితంగా లాయర్ను ఇస్తారు. మీరు మహిళ కాబట్టి మీరు అడిగే సలహాకు ఆదాయంతో పని లేదు.

వీడియో తీసెయ్యడం, సెల్ మార్చడం మాత్రం వద్దు. స్టేటస్ ఇరవై నాలుగు గంటల్లో పోయినా, చూసినవాళ్లలో ఎవరో ఒకరు దాచుకుని ఉంటారు. పోలీసుల దగ్గరకు అట్లాగే చేరి ఉంటుంది. ఇప్పుడు ఫోన్ రీసెట్ కొడితే వీడియో ఎట్లాగూ బయటే ఉంటుంది, సాక్ష్యం మాయం చేశాడన్న కొత్త నేరం మాత్రం మీద పడుతుంది. ఎలక్ట్రానిక్ రికార్డును ధ్వంసం చేయడానికి వేరే సెక్షనే ఉంది. కొత్తగా ఎవరికీ పంపకుండా ఉంటే చాలు.

హాజరయ్యే రోజు లాయర్‌తో వెళ్లండి. మీరూ వెళ్లి బయట కూర్చోండి. నోటీసు కాపీ, ఆధార్ పట్టుకెళ్లండి. ఫోన్ తీసుకుంటే స్వాధీన పంచనామా కాపీ అడగండి. స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో రికార్డు చేయాలని నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. విచారణలో రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పని లేదు. తనను తాను ఇరికించుకునే జవాబు చెప్పాలన్న బలవంతమూ లేదు. అట్లాగని అబద్ధం చెప్పమని కాదు, ఏది చెప్పాలో ముందే లాయర్‌తో మాట్లాడుకోవాలి. వచ్చి వెళ్లిన తేదీ, గంట ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంకొక్క మాట. మంచితనంతోనైనా సరే, ఎవరూ ఆ డ్రైవర్ ఇంటికి వెళ్లి బతిమాలవద్దు, డబ్బు ఇవ్వజూపవద్దు. సాక్షిని ప్రభావితం చేశారని రాస్తారు. డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే, అందులో సందేహం లేదు. ఎప్పుడు, ఎట్లా అన్నది లాయర్ ద్వారా జరగాలి.

ఉద్యోగం సంగతి. కేసు ఉన్నంత మాత్రాన కానిస్టేబుల్ ఉద్యోగం రాదని కాదు, కానీ చాలా కష్టమవుతుంది. ఎంపికయ్యాక ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో కేసులున్నాయా, ఉండేవా అని అడుగుతారు. ఇక్కడే చాలామంది పిల్లలు 'లేవు' అని రాసి దొరికిపోతారు. స్పెషల్ బ్రాంచి వాళ్లు స్టేషన్‌లో విచారిస్తే రెండు రోజుల్లో తెలిసిపోతుంది. నిజం దాచినందుకే ఎంపిక రద్దు చేయవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిజం రాసినా తీసుకోవాలా వద్దా అన్నది శాఖ ఇష్టం. 115, 126, 351 రాజీకి వీలున్న సెక్షన్లు, లోక్ అదాలత్‌లో తేలిపోవచ్చు. 196కు రాజీ లేదు. పైగా దాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, ఆ ఫైలు ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ లోపు నోటిఫికేషన్లు వచ్చి వెళ్లిపోతాయి, వయసు దాటిపోతుంది. గల్ఫ్‌కు వెళ్లాలన్నా కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టుకు ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఇక ప్రతి బక్రీద్‌కూ, ప్రతి నిమజ్జనానికీ ముందు బైండోవర్ (గొడవలకు పోనని బాండు రాసివ్వమనే) పిలుపు రావచ్చు. తహసీల్దారు ముందు బాండు రాసిచ్చాక మళ్లీ గొడవలో కనబడితే బాండు సొమ్ము పోతుంది, జైలుకూ పంపవచ్చు. ఇదంతా మీ తమ్ముడికి బెదిరింపుగా చెప్పకండి. లాయర్ నోటి నుంచి, ఒక్కసారి, వినిపిస్తే చాలు.

ఇక అసలు సంగతి. మీరు ఉత్తరంలో "వాళ్లు వాడి మెదడు పాడు చేశారు" అని రాశారు. అది సగం నిజం. ఇట్లాంటి మతం పేరుతో నడిచే అతివాద బృందాల్లోకి పిల్లలు సిద్ధాంతం చదివి పోరు. మండపం దగ్గర భోజనం, ర్యాలీకి పెట్రోలు, పోలీసు ఆపితే ఫోన్ చేసి విడిపించే అన్న, పేరు పెట్టి పిలిచే నలుగురు. ఇంట్లో "ఏం చదువుతున్నవ్‌రా" తప్ప వేరే ప్రశ్న వినని పిల్లవాడికి అక్కడ "తమ్మీ, నువ్వు లేకుంటే ఎట్లరా" అంటారు. మొదట జెండా కట్టే పని, తర్వాత ర్యాలీలో ముందు బైకు, తర్వాత రాత్రి కాపలా, ఆఖరికి కర్ర. ఒక్కో మెట్టూ కిందటి దానికన్నా కొంచెమే ఎక్కువ కాబట్టి ఎక్కడ దాటుతున్నాడో వాడికి తెలియదు. శత్రువు ఎవరో చెప్పే వీడియోలు ఆ తర్వాత వస్తాయి, చేసిన పనికి కారణం చెప్పడానికి. అందుకే ఆ వీడియోల మీద వాదనకు దిగితే మీరు ఓడిపోతారు. నాలుగు వందల ఏళ్ల చరిత్ర గురించి వాడి దగ్గర నాలుగు వందల ఫార్వర్డ్‌లుంటాయి.

ఈ పని మీద ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు రెండింటిని వేరుగా చూస్తారు: ఆ పనులు మానడం, ఆ నమ్మకాలు మారడం. నార్వేలో 1997లో నయా నాజీ ముఠాల్లో చేరిన పిల్లల కోసం ఇట్లాంటి ప్రయత్నం మొదలైనప్పుడు, అందులో పెద్ద భాగం ఆ పిల్లల తల్లిదండ్రులను ఒక చోట కూర్చోబెట్టడమే. వాళ్లు అక్కడ నేర్చుకున్న మొదటి సంగతి, పిల్లవాడి భావాలతో పోట్లాడుతూనే ఇంటి తలుపు తెరిచి ఉంచడం. మీరూ ముందు మొదటిదాని మీదే పట్టు పట్టండి. రాత్రి కాపలా మానాలి, కర్ర పట్టకూడదు, వీడియో పెట్టకూడదు. నమ్మకాలు ఏళ్ల మీద మారతాయి, మారకపోవచ్చు కూడా. దీక్ష వేసుకోవడాన్ని, గుడికి పోవడాన్ని, ఆవు మీద ప్రేమను వేలెత్తి చూపకండి. అవి తప్పు కావు. వాటి జోలికి పోతే "మా అక్కకు దేవుడంటేనే పడదు" అని ఒక్క మాటతో మిమ్మల్ని పక్కన పెడతాడు.

ఆవు ముచ్చట వచ్చినప్పుడు వాడి మాటతోనే మాట్లాడండి. మన రాష్ట్రంలో 1977 నుంచి ఉన్న చట్టం ఆవులను, దూడలను కోయడాన్ని నిషేధించింది. మిగతా పశువులకు అధికారి ధ్రువపత్రం కావాలి. అనుమానం వస్తే బండి నంబరు, ఎటు పోతుందో చెప్పి 112కు ఫోన్ చేస్తే సరిపోతుంది. ఆపి తనిఖీ చేసే అధికారం చట్టం అధికారులకు ఇచ్చింది, రోడ్డు మీద నిలబడ్డ పిల్లలకు కాదు. సంత రసీదు ఉన్న ఎడ్లంటే ఎవరో రైతు అమ్ముకున్నవి. వాటికి మేత పెట్టలేని రైతు మీ బంధువుల్లోనూ ఉండే ఉంటాడు. 2024 ఆగస్టులో హర్యానాలో గోరక్షకులమని చెప్పుకున్నవాళ్లు ఒక కారును పశువుల దొంగలదనుకుని కిలోమీటర్ల కొద్దీ తరిమి కాల్చారు. చనిపోయింది పన్నెండో తరగతి చదివే హిందూ కుర్రాడు, వయసు 19. ఇటు చూస్తే 2025 అక్టోబరులో హైదరాబాద్ శివారు పోచారం దగ్గర ఒక గోరక్షక యువకుడి మీదే కాల్పులు జరిగాయి. చీకట్లో రోడ్డు మీద ఎవరి చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు.

ఎట్లా మొదలుపెట్టాలన్నది కష్టమే. "ఎందుకు చేసినవ్" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. "ఆ రాత్రి ఏమైంది, మొదటి నుంచి చెప్పు" అనండి. బండి ఎన్నింటికి వచ్చింది, ఎవరు ఆపమన్నారు, డ్రైవర్ ఏమన్నాడు, నువ్వు ఎక్కడ నిలబడ్డవ్. మధ్యలో తీర్పు చెప్పకండి. డ్రైవర్ ముఖం గుర్తొచ్చే దగ్గర వాడు ఆగుతాడు. అక్కడ మీరు కూడా ఆగండి. రాత్రి భోజనాలయ్యాక నలుగురి ముందు కాకుండా, బండి మీద ఎక్కడికో తీసుకెళ్తూ అడిగితే ఇంకా మంచిది. ముఖాలు ఎదురుగా లేకపోతే మగపిల్లలు ఎక్కువ మాట్లాడతారు.

బయటకు రావడానికి వాడికి పరువు దక్కే సాకు ఒకటి కావాలి. "తప్పు తెలుసుకున్న" అని ఆ బృందంలో చెప్పమంటే ఏ పిల్లవాడూ చెప్పడు, చెబితే ద్రోహి అంటారు. ఇప్పుడు ఆ సాకు చేతికొచ్చింది: "లాయర్ వద్దన్నడు, గ్రూపుల ఉండొద్దన్నడు, రాత్రుళ్లు తిరిగితే బెయిలు పోతదట." దాన్ని ఎవరూ కాదనలేరు. గ్రూపులోంచి బయటకు వచ్చేటప్పుడు పాత చాట్ చెరపకూడదు, అదీ సాక్ష్యమే. అడ్మిన్ అయితే ముందు ఆ హోదా వదులుకోవాలి. ఆర్భాటంగా చెప్పి రావడం కన్నా మెల్లగా జారుకోవడమే క్షేమం. ఒకవేళ ఇంటికొచ్చి బెదిరిస్తే తేదీతో సహా రాసి పెట్టుకుని స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. మూక దాడుల మీద 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి నోడల్ అధికారి ఉండాలి.

సాయంత్రం ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా ఉండే ఖాళీ నిండకపోతే మాత్రం నెలలోపు వెనక్కి పోతాడు. చాలా ఇళ్లలో ఇక్కడే తప్పిపోతుంది. ఫోన్ గుంజుకుంటారు, బైకు తాళం దాస్తారు, వాటి బదులు ఏమీ ఇవ్వరు. కానిస్టేబుల్ మీద ఆశ ఇంకా ఉంటే పొద్దున అయిదింటికి గ్రౌండ్‌కు పంపండి. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలని పెట్టారు. రాత్రి రెండింటి దాకా మేలుకున్నవాడు దాన్ని అందుకోలేడు, అది వాడికి మీకన్నా బాగా తెలుసు. హైదరాబాద్‌లో కోచింగ్‌కు పంపడం ఇంకో దారి. పాత సావాసం తెగుతుంది, కానీ ఒంటరి గదిలో ఫోన్ చేతిలో ఉంటే అదే బృందం అక్కడ ఇంకో పేరుతో దొరుకుతుంది. తెలిసినవాళ్ల ఇంట్లో ఉంచగలిగితేనే పంపండి. ఆవుల మీద నిజంగా ప్రేమ ఉందంటే పగటిపూట పని చాలా ఉంది. వేములవాడ రాజన్నకు మొక్కుగా ఇచ్చిన కోడెలు 2025 వేసవిలో తిప్పాపూర్ గోశాలలో వరుసగా చనిపోతే వార్తలయ్యాయి. గడ్డి మోయడానికి, పేడ ఎత్తడానికి, టీకాలప్పుడు పశువును పట్టుకోవడానికి మనుషులు కావాలి. అయితే పంపే ముందు ఆ గోశాల ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. రాత్రి కాపలా వాళ్ల అడ్డా కూడా అదే కావచ్చు.

నాన్నకు చెప్పాలా? చెప్పకపోతే ఆరు రోజులు ప్రశాంతంగా గడుస్తాయి, ఏడో రోజు కానిస్టేబుల్ కొట్టు ముందు నిలబడి అడుగుతాడు. అప్పుడు నాన్నకు రెండు కోపాలు, ఒకటి మీ మీద కూడా. ఇప్పుడే చెబితే కొట్టవచ్చు, కొడితే తమ్ముడు అన్న గదికి పోయి పడుకుంటాడు, అన్నకు కావాల్సిందీ అదే. కాబట్టి ముందు తమ్ముడితో "రెండు రోజులు ఆగుత, నువ్వే చెప్పు, నేను పక్కన ఉంట. చెప్పకపోతే నేనే చెప్త" అనండి. నాన్నకు చెప్పేటప్పుడు లాయర్ పేరు, హాజరయ్యే తేదీ, ఖర్చు ఎంతో కూడా చెప్పండి. ఏం చేయాలో తెలిస్తే కోపం కొంత పనిలోకి పోతుంది. అమ్మను తప్పుపట్టకండి. కొడుకు తాగడం మానేశాడని సంతోషపడింది, అందులో ఆమె తప్పేముంది?

ఎదురింటి దోస్తు గురించి మీరు మూడుసార్లు రాశారు. వాళ్లిద్దరినీ ఇప్పుడే కూర్చోబెట్టి కలపాలని చూడకండి. ఆ వీడియో ఆ అబ్బాయి కూడా చూసే ఉంటాడు. మీ తమ్ముణ్ని క్షమించమని అడగడం అతని మీద ఇంకో బరువు. మీరు మాత్రం ఆ ఇంటికి పోవడం, రావడం మానవద్దు. మీ స్కూటీ సర్వీసుకు వచ్చిందేమో, వాళ్ల షెడ్డుకే తీసుకెళ్లండి.

మంచం కింద కర్ర ఒకటి ఉందని ఉత్తరం చివర రాశారు. దాన్ని మీరు పారేయకండి, ఎక్కడా దాచకండి. లాయర్‌ను కలిసిన రోజు దాని సంగతి కూడా అడగండి.